చిన్న కోడ్ ముక్కల రెపో: 412తో మొదలై 168 దగ్గర ఆగిన పని

షెల్ (టెర్మినల్‌లో కమాండ్లు నడిపే ప్రోగ్రాం) కమాండ్లు, కాన్ఫిగ్ ముక్కలు, చిన్న పైథాన్ స్క్రిప్టులు ఏళ్ల తరబడి నాలుగైదు చోట్ల పోగుపడ్డాయి. వాటిని ఒకే గిట్ రెపోలోకి (మార్పుల చరిత్రతో సహా ఫైళ్లు దాచే చోటు) తెచ్చి, వేరేవాళ్లు కూడా కాపీ చేసుకుని వాడుకునేలా తయారుచేయడం ఈ పని. ఇలాంటిదే మొదలుపెట్టే వాళ్లకు ఎక్కడ టైమ్ వృథా అవుతుందో తెలియాలని దశల వారీగా రాస్తున్నాను. కమాండ్లను నోటితో చెప్పుకున్నట్టే రాశాను. మైనస్ ఐ అంటే ఒక గీత, దాని పక్కన చిన్న ఐ అక్షరం. పెద్ద అక్షరం కావాల్సిన చోట ఆ మాట చెప్పాను.

దశ 1: పోగు చేయడం

ఎక్కడి నుంచి ఎన్ని వచ్చాయంటే:

1. షెల్ హిస్టరీ నుంచి 143
2. నోట్స్ యాప్ నుంచి 121
3. చాట్‌లో నాకు నేనే పంపుకున్న మెసేజ్‌ల నుంచి 86
4. పాత స్క్రిప్టుల ఫోల్డర్ల నుంచి 62

మొత్తం: 412

షెల్ హిస్టరీ మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. ఎక్కువమంది వాడే షెల్ బాష్ తనంతట తాను గుర్తుంచుకునేది 500 లైన్లే. డెబియన్, ఉబుంటు అనే లినక్స్ రకాలు కొత్త యూజర్‌కి ఇచ్చే బాష్‌ఆర్‌సీ అనే సెట్టింగుల ఫైల్‌లో హిస్టరీ ఫైల్ పరిమితి 2000 లైన్లు ఉంటుంది. రోజూ టెర్మినల్‌లో ఉండేవాళ్లకు అదీ త్వరగానే నిండిపోతుంది. అంతకు ముందువన్నీ పోయినట్టే. పరిమితి పెంచుకోవడం, ప్రతి లైన్‌కీ తేదీ పడేలా హిస్ట్‌టైమ్‌ఫార్మాట్ పెట్టుకోవడం ముందే చేసి ఉంటే మంచిది.

హిస్టరీని మొదట ఎక్కువసార్లు వాడిన కమాండ్ల వరుసలో పేర్చాను. పైన వచ్చినవన్నీ సీడీ, ఎల్‌ఎస్, గిట్ స్టేటస్. అవి ఎవరికి కావాలి? తరచుగా వాడేది వేళ్లకే అలవాటై ఉంటుంది. ఎప్పుడో ఒకసారి అవసరమై, అప్పటికి మర్చిపోయి ఉండేదే దాచుకోవాలి. అందుకే వడపోత తిరగేశాను. 60 అక్షరాలు దాటి, పైప్ గానీ రెండు మూడు ఆప్షన్లు గానీ ఉండి, మూడుసార్లకు మించి కనబడని లైన్లు మాత్రం తీసుకున్నాను. పై లెక్కలోని 143 అలా వచ్చినవే.

దశ 2: నకళ్లు, పాడైన అక్షరాలు

ఒక్కో ముక్కకూ ఎస్‌హెచ్‌ఏ256 హాష్ (లోపలి రాత నుంచి లెక్కించే వేలిముద్ర లాంటి సంఖ్య) తీసి పోల్చితే అచ్చంగా ఒకేలా ఉన్నవి 19 మాత్రమే దొరికాయి. కళ్లకు మాత్రం అంతకంటే చాలా ఎక్కువే కనబడుతున్నాయి. తేడా ఎక్కడుందంటే ఖాళీల్లో, సర్వర్ పేర్లలో, ఫైల్ దారుల్లో. పోల్చే ముందు చేసిన మార్పులు ఇవి:

1. వరుసగా ఉన్న ఖాళీలన్నీ ఒకే ఖాళీ చేయడం
2. ఐపీ అడ్రస్‌లు, డొమైన్లు, హోమ్ ఫోల్డర్ దారులు తీసేసి ఒకే గుర్తు పెట్టడం
3. కామెంట్లు పక్కన పెట్టడం
4. మిగిలినదానికి మళ్లీ హాష్ తీయడం

దీంతో ఇంకో 71 నకళ్లు బయటపడ్డాయి.

మిగిలినవి మొత్తం: 322

నకళ్లు పోల్చుతుంటే ఇంకో గొడవ కనబడింది. ఒకే కమాండ్‌కి రెండు కాపీలు, చూపుకి ఒకటే, హాష్ మాత్రం వేరు. రెండింటినీ హెక్స్‌డంప్‌లో (బైట్లను నంబర్లుగా చూపించే టూల్) పెట్టి చూస్తే చాట్ నుంచి వచ్చిన దానిలో నిటారు కోట్‌కి బదులు వంపు కోట్లు ఉన్నాయి. ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఇచ్చే పట్టిక యూనికోడ్. అందులో నిటారు డబుల్ కోట్ నంబరు 34. వంపువి 8220, 8221. రెండు గీతలు పక్కపక్కన టైప్ చేస్తే వాటిని కలిపేసి ఒకే పొడుగు గీతగా మార్చే యాప్‌లూ ఉన్నాయి. వెబ్ పేజీల నుంచి కాపీ చేసిన వాటిలో ఒక్కోసారి మామూలు ఖాళీకి బదులు 160 నంబరు ఖాళీ ఉంటుంది. ఇది చూస్తే తెలియదు, నడిపితే "కమాండ్ నాట్ ఫౌండ్" అంటుంది. చాట్ నుంచి వచ్చిన 86లో 31కి ఇలాంటి తెగులు ఏదో ఒకటి ఉంది. విండోస్ ఎడిటర్లో సేవ్ అయిన కొన్నింటి లైన్ల చివర 13 నంబరు అక్షరం మిగిలి, "బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్" అని వచ్చింది. ఫైల్ కళ్ల ముందు సరిగ్గానే కనబడుతుంటుంది కాబట్టి కొత్తవాళ్లు ఈ ఎర్రర్ దగ్గర గంటలు పోగొట్టుకుంటారు.

ఆస్కీ (ఇంగ్లిష్ కీబోర్డ్ అక్షరాల జాబితా) కాని అక్షరం ఉంటే చాలు ఆపేసే తనిఖీ ఒకటి, లైన్లలో వెతికే గ్రెప్ కమాండ్‌తో రాశాను. దాదాపు ప్రతి ఫైల్‌నీ ఆపేసింది, ఎందుకంటే నా కామెంట్లన్నీ తెలుగులో ఉన్నాయి. కామెంట్ లైన్లు వదిలేసి కోడ్ లైన్లే చూడమన్నాను. ఆ తర్వాత కూడా కొన్ని ఫైళ్లు ఆగాయి. తెలుగు కీబోర్డ్ నుంచి ఇంగ్లిష్‌కి మారేటప్పుడు 8204 నంబరు అక్షరం, అంటే కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్, కోడ్ లైన్ మొదట్లో పడిపోయింది. పొల్లు తర్వాత అక్షరం అతుక్కోకుండా ఉండటానికి మనం వాడేది అదే. తెలుగులో కామెంట్లు రాసేవాళ్లు ఈ ఒక్క తనిఖీ తప్పకుండా పెట్టుకోవాలి.

దశ 3: రహస్యాలు తీయడం

ఈ దశ గిట్‌లో మొదటి కమిట్ (మార్పును చరిత్రలో నమోదు చేయడం) కంటే ముందు జరగాలి. ఫైల్‌లోంచి పాస్‌వర్డ్ తీసేసి మళ్లీ కమిట్ చేసినంత మాత్రాన పాత కమిట్‌లోంచి అది పోదు. గిట్ ఫిల్టర్ రెపో అనే సాధనంతో చరిత్ర తిరగరాయొచ్చు గానీ, అప్పటికే ఎవరైనా క్లోన్ చేసుకుని ఉంటే వాళ్ల దగ్గర అలాగే ఉంటుంది.

1. రహస్యాలు పట్టే గిట్‌లీక్స్ అనే టూల్‌తో ఫోల్డర్ మొత్తం వెతకడం
2. పాస్‌వర్డ్, టోకెన్, సీక్రెట్, బేరర్ అనే మాటలను చేత్తో గ్రెప్ చేయడం
3. ఏకేఐఏతో మొదలయ్యేవి ఉన్నాయేమో చూడటం, ఏడబ్ల్యూఎస్ కీ గుర్తులు అలాగే మొదలవుతాయి
4. దొరికిన ప్రతి కీనీ ముందు రద్దు చేసి, ఆ తర్వాతే ఫైల్‌లోంచి తీయడం

మొత్తం 15 ఫైళ్లలో దొరికాయి. టూల్ పట్టుకున్నవి 8, చేత్తో వెతికితే దొరికినవి 7. కనెక్షన్ స్ట్రింగ్‌లో యూజర్ పేరు పక్కన రెండు చుక్కలు పెట్టి రాసే పాస్‌వర్డ్ చిన్న మామూలు పదం అయితే టూల్ దాటేసి పోతోంది. అందుకే రెండో అడుగు వదిలేయొద్దు. ఆ 15లో 4 ఫైళ్లు ఒకే లోపలి సర్వర్ కోసం రాసినవి, బయటివాళ్లకు పనికిరావు. వాటిని తీసేశాను.

అడ్రస్‌ల సంగతి. 10తో మొదలయ్యేవో 192.168తో మొదలయ్యేవో ఉదాహరణకు పెడితే ఎవరి నెట్‌వర్క్‌లోనో నిజంగా ఏదో ఒక యంత్రానికి తగలొచ్చు. డాక్యుమెంట్లలో ఉదాహరణల కోసమనే పక్కన పెట్టిన బ్లాకులు ఉన్నాయి: 192.0.2.0, 198.51.100.0, 203.0.113.0, మూడూ స్లాష్ 24. ఈ సంగతి 2010 నాటి ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ నియమాల పత్రం) 5737లో ఉంది. డొమైన్‌కి ఎగ్జాంపుల్ డాట్ కామ్ వాడాలి, అది 1999 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2606 నుంచే ఇలాంటి పనికి కేటాయించింది. మై సర్వర్ డాట్ కామ్ లాంటివి పెడితే దాని సొంతదారు నిజంగానే ఎక్కడో ఉంటాడు.

మొత్తం: 318

దశ 4: ఫైల్ ఆకారం, పేర్లు

మొదట అన్నీ ఒకే పెద్ద మార్క్‌డౌన్ ఫైల్‌లో పెట్టాను. చదవడానికి బాగుంది. వాడటానికి బాలేదు. లైన్ మొదట ఉండే డాలర్ గుర్తు కూడా కాపీలో వచ్చేస్తోంది. షెల్ స్క్రిప్టుల్లో తప్పులు పట్టే షెల్‌చెక్ లాంటి టూల్‌ని దాని మీద నేరుగా నడపలేం. ఒక ముక్క మారిస్తే ఏది మారిందో గిట్ లాగ్‌లో తెలియట్లేదు. అందుకే ఒక ముక్కకు ఒక ఫైల్ చేశాను. ఫైల్ పైన కామెంట్లలో ఆరు గడులు:

1. పని: ఒక వాక్యంలో
2. లక్షణం: తెరమీద వచ్చే ఎర్రర్, ఉన్నది ఉన్నట్టు
3. నడిచిన చోటు: సిస్టమ్, వెర్షన్, షెల్
4. సరిచూడటం: పని జరిగిందని చెప్పే కమాండ్
5. వెనక్కి తిప్పడం: రద్దు చేసే కమాండ్, లేదంటే "వెనక్కి రాదు" అనే మాట
6. మూలం, లైసెన్సు

నాలుగు, ఐదు గడులు నింపడానికే ఎక్కువ టైమ్ పట్టింది. కోడ్ రాయడం కంటే కూడా ఎక్కువ. అసలు ముక్క కంటే ఇవే విలువైనవని నా అభిప్రాయం. కోడ్ ఎక్కడైనా దొరుకుతుంది, దాన్ని నడిపాక పని అయిందో లేదో ఎలా తెలుసుకోవాలో చాలా చోట్ల ఉండదు.

ఫైళ్లకు తెలుగు పేర్లు పెట్టి చూశాను. మూడు ఇబ్బందులు వచ్చాయి.

ఒకటి, పొడవు. లినక్స్ ఫైల్ సిస్టమ్ ఎక్స్‌ట్4లో ఫైల్ పేరు 255 బైట్లు దాటకూడదు. యూటీఎఫ్ 8లో ప్రతి తెలుగు యూనికోడ్ నంబరు, అంటే కోడ్, 3 బైట్లు. అంటే 85 కోడ్‌లు. గుణింతపు గుర్తు, పొల్లు, ఒత్తు అన్నీ వేరు వేరు కోడ్‌లే కాబట్టి "స్క్రి" ఒక్కటే 6 కోడ్‌లు, 18 బైట్లు తింటుంది. వివరంగా పేరు పెడదామంటే కుదరదు.

రెండు, టెర్మినల్‌లో ట్యాబ్ కొట్టి పేరు పూర్తి చేయించుకోవడానికి ప్రతిసారీ కీబోర్డ్ మార్చుకోవాలి.

మూడోది పట్టుకోవడానికే చాలాసేపు పట్టింది. "ఫైల్" అని వెతికితే సగం ఫైళ్లే వస్తున్నాయి. "పైథాన్", "టైమ్" కూడా అంతే. "సర్వర్" అని వెతికితే మాత్రం అన్నీ వస్తున్నాయి. రాని మాటలన్నింటిలో ఉన్నది ఐత్వం. యూనికోడ్‌లో ఐత్వాన్ని 3144 అనే ఒకే కోడ్‌గా రాయొచ్చు, లేదా ఎత్వం 3142, దాని కింద గుర్తు 3158 అని రెండుగా కూడా రాయొచ్చు. తెరమీద రెండూ ఒకేలా ఉంటాయి. పాత స్క్రిప్టుల ఫోల్డర్లు ఉన్న డిస్క్ పాత మ్యాక్‌ల ఫైల్ సిస్టమ్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్‌లో ఉంది. ఆ ఫైల్ సిస్టమ్ పేర్లను విడదీసి దాస్తుంది. వెతకడానికి వాడే నా సూచిక ఫైల్ పేర్ల నుంచి తయారవుతుంది కాబట్టి విడిపోయిన ఐత్వాలు అందులోకి వచ్చాయి. నేను కీబోర్డ్‌తో కొట్టేది కలిసి ఉన్నది. 2017లో ఆపిల్ తెచ్చిన ఏపీఎఫ్‌ఎస్ పేరు ఎలా ఇస్తే అలాగే దాస్తుంది కాబట్టి కొత్త మ్యాక్‌లలో ఇది తక్కువ. పాత బ్యాకప్‌ల నుంచి మాత్రం వస్తూనే ఉంటుంది.

చేసిన మార్పు: ఫైల్ పేర్లు చిన్న ఇంగ్లిష్ అక్షరాలు, గీతలతోనే. తెలుగు అంతా లోపలి గడుల్లో. సూచిక తయారుచేసే పైథాన్ స్క్రిప్ట్‌లో ప్రతి లైన్‌నీ యూనికోడ్‌డేటా మాడ్యూల్‌తో ఎన్‌ఎఫ్‌సీ అనే కలిపి రాసే రూపంలోకి మార్చడం, అప్పుడే 8204 అక్షరాన్ని తీసేయడం. వెతికే మాటకూ అదే మార్పు. రెండో వైపు మర్చిపోతే మొదటిది చేసి లాభం లేదు.

వెతకడానికి రిప్‌గ్రెప్, ఎంచుకోవడానికి ఎఫ్‌జెడ్‌ఎఫ్. దీని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, మొదటిసారే పనిచేసింది.

దశ 5: నిజంగా నడుస్తున్నాయా

318లో షెల్ 201, కాన్ఫిగ్ 58, పైథాన్ 37, ఎస్‌క్యూఎల్ వగైరా 22. షెల్ ముక్కలను డెబియన్ 12, ఉబుంటు 24.04, ఆల్పైన్ కంటెయినర్లలో (విడిగా నడిచే చిన్న లినక్స్ వాతావరణాలు) నడిపాను.

మూడింటిలోనూ నడిచినవి: 88
కనీసం ఒక చోట పడిపోయినవి: 79
కంటెయినర్లో పరీక్షించలేనివి: 34

ఆ 34 సిస్టమ్‌డీ (సర్వీసులు నడిపే ప్రోగ్రాం), కెర్నల్ మాడ్యూళ్లు, డిస్క్ విభజన లాంటివి. కంటెయినర్లో మామూలుగా సిస్టమ్‌డీ నడవదు. వాటికి వర్చువల్ మెషీన్ పెట్టుకుని, ముందు స్నాప్‌షాట్ తీసి, నడిపి, మళ్లీ స్నాప్‌షాట్‌కి వెళ్లాల్సి వచ్చింది. నెమ్మది పని.

పడిపోయిన 79కి కారణాలు కొన్నే, మళ్లీ మళ్లీ అవే:

1. బాష్ కోసం రాసి, మొదటి లైన్‌లో ఎస్‌హెచ్ అని పెట్టడం. డెబియన్, ఉబుంటుల్లో ఎస్‌హెచ్ అంటే డాష్ అనే వేరే షెల్. అక్కడ ఎకో మైనస్ ఈ అంటే ఆ మైనస్ ఈ కూడా తెరమీద పడుతుంది. ప్రింట్‌ఎఫ్‌కి మార్చాను.
2. ఆల్పైన్‌లో అసలు బాష్ ఉండదు, బిజీబాక్స్ ఉంటుంది. గ్రెప్‌కి మైనస్ పెద్ద పీ అక్కడ లేదు.
3. పైథాన్ ప్యాకేజీలను పిప్ ఇన్‌స్టాల్‌తో నేరుగా సిస్టమ్ పైథాన్‌లోకి పెట్టడం. డెబియన్ 12 నుంచి "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్" అని ఆపేస్తుంది. వీఎన్వ్ (విడిగా ఉండే పైథాన్ ఫోల్డర్) తయారుచేసి అందులో పెట్టేలా మార్చాను. బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్ అనే ఆప్షన్ పెట్టి దాటేయమని సలహాలు చాలా కనబడతాయి. ఆ పేరులోనే ఏం జరుగుతుందో ఉంది.
4. యాప్ట్ కీ అనే పాత కమాండ్‌తో ప్యాకేజీల కీలు చేర్చడం. ఇప్పుడు కీని ఈటీసీ కింద యాప్ట్ ఫోల్డర్లోని కీరింగ్స్‌లో పెట్టి, సోర్స్ లైన్‌లో సైన్డ్ బై అని చూపాలి.
5. మధ్యలో గీత ఉన్న పాత డాకర్ కంపోజ్. ఇప్పుడు అది డాకర్‌కి సబ్ కమాండ్.
6. డౌన్‌లోడ్ చేసే కర్ల్ కమాండ్‌కి మైనస్ ఎఫ్ లేకపోవడం. సర్వర్ 404 ఇచ్చినా కర్ల్ 0తోనే, అంటే పని అయినట్టే, ముగుస్తుంది. ఆ ఎర్రర్ పేజీనే స్క్రిప్ట్ అనుకుని తర్వాతి కమాండ్ నడిపేస్తుంది.

మ్యాక్ మీద పరీక్ష ఒక ఫ్రెండ్ చేశాడు. "అన్నా, సెడ్ లైన్ పేస్ట్ చేస్తే ఇన్‌వ్యాలిడ్ కమాండ్ కోడ్ అంటోంది, ఫైల్ మాత్రం మారలేదు" అని మెసేజ్. సెడ్ అంటే ఫైల్‌లోని రాత మార్చే కమాండ్. లినక్స్‌లోని గ్నూ సెడ్‌కి మైనస్ ఐ ఒక్కటే చాలు. మ్యాక్‌లోది బీఎస్‌డీ సెడ్, మైనస్ ఐ తర్వాత బ్యాకప్ ఫైల్ తోక తప్పకుండా కావాలి. ఇవ్వకపోతే మనం రాసిన మార్పునే తోక అనుకుని, ఫైల్ పేరుని కమాండ్ అనుకుంటుంది. మైనస్ ఐకి ఆనించి డాట్ బ్యాక్ అని రాస్తే రెండు చోట్లా నడుస్తుంది. బ్యాకప్ కూడా మిగులుతుంది, వెనక్కి తిప్పే గడికి అదే జవాబు. డేట్ కమాండ్‌కి మాత్రం ఇలాంటి మధ్యే మార్గం దొరకలేదు. గ్నూలో మైనస్ డీ, మ్యాక్‌లో మైనస్ వీ. రెండు ఫైళ్లు చేశాను. మ్యాక్‌తో వచ్చే బాష్ 3.2 దగ్గరే ఆగిపోయి ఉంది కాబట్టి 4.0లో వచ్చిన అసోసియేటివ్ అర్రేలు, మ్యాప్‌ఫైల్ అక్కడ లేవు.

కఠిన మోడ్ గొడవ

అన్ని షెల్ ముక్కల పైనా సెట్ మైనస్ ఈయూఓ పైప్‌ఫెయిల్ లైన్ ఒక్కసారిగా పెట్టాను. స్క్రిప్ట్ ఫైళ్లకు అది మంచి అలవాటే. కానీ ఈ ముక్కలను జనం టెర్మినల్‌లో నేరుగా పేస్ట్ చేస్తారు. అప్పుడు ఆ సెట్టింగ్ వాళ్లు కూర్చున్న షెల్‌కే తగులుకుంటుంది. తర్వాత ఏ చిన్న కమాండ్ ఫెయిల్ అయినా షెల్ మూసుకుపోతుంది. గ్రెప్‌కి ఏమీ దొరకకపోతే అది 1తో ముగుస్తుంది, అది చాలు. "పేస్ట్ చేశాక ఏదో వెతికితే విండో మాయమైంది" అని కబురు వచ్చింది. రిమోట్ సర్వర్ మీదైతే కనెక్షనే పోతుంది.

మార్పు ఏమిటంటే, ఒకటి రెండు లైన్ల ముక్కల్లోంచి ఆ లైన్ తీసేశాను. పొడుగువాటిని మొత్తం గుండ్రటి బ్రాకెట్లలో పెట్టాను. అప్పుడు అవి సబ్‌షెల్‌లో నడుస్తాయి, మూసుకుంటే అదే మూసుకుంటుంది. గ్రెప్‌కి దొరకకపోవడం తప్పు కాని చోట ఇఫ్ కండిషన్‌లోకి మార్చాను, ఎందుకంటే అక్కడ మైనస్ ఈ పట్టించుకోదు.

ఎస్‌ఎస్‌హెచ్ పాస్‌వర్డ్ ముక్క

ఈ ఒక్క ముక్క మీద పెట్టినంత టైమ్ ఇంకదేని మీదా పెట్టలేదు. ఎస్‌ఎస్‌హెచ్ అంటే దూరపు సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి. అందులో పాస్‌వర్డ్‌తో లాగిన్ ఆపేయడానికి దాని సెట్టింగుల ఫైల్ ఎస్‌ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్ చివర పాస్‌వర్డ్ ఆథెంటికేషన్ నో అని ఒక లైన్ చేర్చి, సర్వీస్ రీస్టార్ట్. ఎర్రర్ లేదు. సర్వీస్ బాగానే లేచింది. పాస్‌వర్డ్‌తో లాగిన్ కూడా బాగానే అవుతోంది!

చాలా కాన్ఫిగ్ ఫైళ్లలో చివర రాసింది చెల్లుతుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో మొదట కనబడింది చెల్లుతుంది. ఉబుంటు ఇచ్చే ఫైల్‌లో పైభాగంలోనే ఇంక్లూడ్ లైన్ ఉండి, ఎస్‌ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్ డాట్ డీ ఫోల్డర్‌లోని ఫైళ్లను ముందే చదివేస్తుంది. క్లౌడ్ ఇమేజ్‌లలో క్లౌడ్ ఇనిట్ (సర్వర్ మొదటిసారి లేచేటప్పుడు సెటప్ చేసే ప్రోగ్రాం) అక్కడ 50తో మొదలయ్యే ఒక ఫైల్ పెట్టి, అందులో పాస్‌వర్డ్ ఆథెంటికేషన్ యెస్ అని రాసి ఉండొచ్చు. చివర మనం రాసిన నో అనే మాట దాకా వచ్చేసరికి అంతా అయిపోయింది.

ఇప్పుడున్న ముక్క:

1. ఇంకో టెర్మినల్‌లో రెండో కనెక్షన్ తెరిచి ఉంచాలి, కీతో లాగిన్ అవుతోందని చూసుకోవాలి
2. అదే ఫోల్డర్‌లో 01తో మొదలయ్యే కొత్త ఫైల్ పెట్టి అందులో ఆ లైన్ రాయాలి, పేర్ల వరుసలో అది ముందు వస్తుంది
3. ఎస్‌ఎస్‌హెచ్‌డీ మైనస్ చిన్న టీతో రాత సరిగా ఉందో చూడాలి
4. సర్వీస్ రీలోడ్ చేయాలి
5. ఎస్‌ఎస్‌హెచ్‌డీ మైనస్ పెద్ద టీ నడిపి, వచ్చినదానిలో పాస్‌వర్డ్ ఆథెంటికేషన్ గ్రెప్ చేయాలి, నో అని రావాలి

వెనక్కి తిప్పడం: 01 ఫైల్ తీసేసి రీలోడ్. సరిచూసే గడి లేకుండా ఈ ముక్క పాత రూపంలోనే బయటికి వెళ్లి ఉంటే, సర్వర్‌కి తాళం వేశామనుకుని ఎంతమంది నిశ్చింతగా ఉండేవాళ్లో.

షెల్‌చెక్ గురించి రెండు మాటలు. ఎక్కువసార్లు వచ్చిన హెచ్చరిక ఎస్‌సీ2086, వేరియబుల్ చుట్టూ కోట్లు లేవని. విసుగు పుట్టించినా వినాలి. ఫైల్ పేరులో ఖాళీ ఉన్న రోజున తెలుస్తుంది. ఇంకా ముఖ్యమైనది ఎస్‌సీ2115. ఆర్‌ఎం మైనస్ ఆర్‌ఎఫ్ పక్కన వేరియబుల్, స్లాష్, నక్షత్రం ఉన్నాయనుకోండి. వేరియబుల్ ఖాళీ అయితే రూట్ కింద ఉన్నవన్నీ తుడిచేయమన్నట్టే. మీసాల బ్రాకెట్లలో వేరియబుల్ పేరు తర్వాత రెండు చుక్కలు, ప్రశ్నార్థకం పెడితే ఖాళీగా ఉన్నప్పుడు అక్కడే ఆగిపోతుంది. అలాంటివి 3 దొరికాయి.

ఈ దశలో తీసేసినవి: బాగా పాతబడినవి 61, దేనికోసం రాశానో తేలనివి 23, ఒకే యంత్రానికి తప్ప పనికిరానివి 13. మొత్తం 97.

మొత్తం: 221

దశ 6: రెండోసారి నడిపితే

ప్రతి ముక్కనూ వరుసగా రెండుసార్లు నడిపి, ముందు వెనుక ఫైళ్లకు డిఫ్ తీశాను. 27 ముక్కలు రెండోసారి ఏదో ఒకటి పాడుచేశాయి. ఎక్కువ శాతం బాష్‌ఆర్‌సీ చివర లైన్ చేర్చేవి. నడిపినప్పుడల్లా అదే లైన్ మళ్లీ పడుతుంది, పాత్ వేరియబుల్ పొడుగవుతూ పోతుంది. లైన్ ఇప్పటికే ఉందా అని గ్రెప్ మైనస్ క్యూఎక్స్, పెద్ద ఎఫ్‌తో చూసి, లేకపోతేనే చేర్చేలా మార్చాను. ఎక్స్ అంటే లైన్ మొత్తం సరిపోలాలి, ఎఫ్ అంటే చుక్కలనూ నక్షత్రాలనూ మామూలు అక్షరాల్లాగే చూడాలి. ఆ ఎఫ్ లేకపోతే చుక్క ఏ అక్షరానికైనా సరిపోయి, ఇంకో లైన్‌ని చూసి ఇదే అనుకుని వదిలేస్తుంది. ఫోల్డర్ తయారీకి మైనస్ పీ, సిమ్‌లింక్‌కి మైనస్ ఎస్‌ఎఫ్‌ఎన్. 21 బాగయ్యాయి, 6 బాగుచేయడం కంటే తీసేయడమే నయమనిపించి తీసేశాను.

మొత్తం: 215

దశ 7: లైసెన్సు

నా నోట్స్‌లో 38 ముక్కలు ఎక్కడో చదివి కాపీ చేసుకున్నవి. సొంతానికి వాడుకోవడం వేరు, రెపోలో పెట్టి పంచడం వేరు. లైసెన్సు ఏమీ రాయని కోడ్ అంటే ఎవరైనా వాడుకోవచ్చని కాదు, కాపీరైట్ రాసినవాళ్లదే. స్టాక్ ఓవర్‌ఫ్లోలోని జవాబులు సీసీ బీవై ఎస్‌ఏ కింద ఉంటాయి. వెర్షన్ మాత్రం తేదీని బట్టి మారుతుంది: 2011 ఏప్రిల్ 8కి ముందువి 2.5, అక్కడి నుంచి 2018 మే 2కి ముందు వరకు 3.0, ఆ తర్వాతవి 4.0. రాసినవాళ్ల పేరు, లింకు ఇవ్వాలి, మార్చి పంచితే అదే లైసెన్సు కింద పంచాలి.

రెండు ఫోల్డర్లు చేశాను. నేను రాసినవి జీరో క్లాజ్ బీఎస్‌డీ అనే లైసెన్సు కింద. కాపీ చేసేవాళ్లు నా పేరు కూడా మోయక్కర్లేదు, మూడు లైన్ల ముక్కకు అంతకంటే బరువు ఎందుకు? తెచ్చినవి వేరే ఫోల్డర్‌లో, మూలం గడి నింపి, వాటి లైసెన్సు కింద. సీసీ జీరో అనే ఇంకో లైసెన్సు కూడా ఆలోచించాను గానీ, అందులో పేటెంట్ హక్కులు వదులుకోవడం లేదని స్పష్టంగా రాసి ఉంది. ఫెడోరా 2022లో కోడ్‌కి దాన్ని ఒప్పుకోవడం మానేసింది కూడా అందుకే. మూలం ఎంత వెతికినా దొరకని 12 ముక్కలు తీసేశాను. వాటిలో రెండు మూడు మంచివే ఉన్నాయి. మ్యాన్ పేజీ చూసి మళ్లీ మొదటి నుంచి రాయాలి.

మొత్తం: 203

దశ 8: వేరేవాళ్ల చేతుల్లో

కొందరు ఫ్రెండ్స్‌కి ఇచ్చి, ఒక సమస్యల జాబితా ఇచ్చి, ముక్క దొరకడానికి ఎంతసేపు పడుతుందో చూడమన్నాను. అలాగే వాళ్లు ఏం టైప్ చేసి వెతికారో ఒక లాగ్ ఫైల్‌లో పడేలా పెట్టాను, వాళ్లకు చెప్పే పెట్టాను. మొదటిసారి నిమిషంన్నర దాకా పట్టింది. కొందరికి దొరకనే లేదు.

లాగ్ చూస్తే సంగతి తెలిసింది. నేను "ఐనోడ్ల వాడకం చూడటం" అని పేరు పెట్టాను. వాళ్లు వెతికింది "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్". ఐనోడ్లు అంటే డిస్క్‌లో ఒక్కో ఫైల్‌కి ఒకటి చొప్పున ఖర్చయ్యే నమోదులు. సమస్యలో ఉన్న మనిషికి వాటి మీద అనుమానం రాదు, డీఎఫ్ మైనస్ హెచ్ ఖాళీ ఉందని చూపిస్తుంటే ఇదేంటని తల పట్టుకుంటాడు. జవాబు తెలిసినవాడు పెట్టిన పేరు జవాబు తెలియనివాడికి దొరకదు. లక్షణం గడి అప్పటికే ఉన్నా చాలా ఫైళ్లలో ఖాళీగానే ఉంది. ముక్క నడిపించి, కావాలని చెడగొట్టి, వచ్చిన ఎర్రర్‌ని అలాగే ఆ గడిలో అతికించాను. సూచికలో పని కంటే లక్షణం ముందు వచ్చేలా వరుస మార్చాను.

అదే ఎర్రర్‌కి ఇప్పుడు ఒక్క ఫైల్‌లో మూడు అడుగులు ఉన్నాయి:

1. డీఎఫ్ మైనస్ హెచ్, చోటు నిజంగా నిండిందా
2. డీఎఫ్ మైనస్ ఐ, ఐనోడ్లు నిండాయా
3. ఎల్‌ఎస్‌ఓఎఫ్ ప్లస్ పెద్ద ఎల్ 1, తుడిచేసినా ఏదో ప్రోగ్రాం ఇంకా తెరిచి పట్టుకున్న ఫైళ్లు ఉన్నాయా

ఈ మూడూ ముందు మూడు వేరు ఫైళ్లు. ఇలా లక్షణాన్ని బట్టి కలిపేసరికి 35 ఫైళ్లు తగ్గాయి. అదే జాబితాతో మళ్లీ చూస్తే ఎక్కువ వాటికి 20 సెకన్ల లోపే పట్టింది. లక్షణమంటూ లేని ముక్కలకు, ఉదాహరణకు కొత్త యంత్రం సెటప్ లాంటి వాటికి, ఈ మార్పు వల్ల ఏ లాభం లేదు. వాటికి టైమ్ ముందెంతో ఇప్పుడూ అంతే.

మొత్తం: 168

మిగిలిన పని

కంటెయినర్ పరీక్షలు నెలకోసారి వాటంతట అవే నడిచేలా టైమర్ పెట్టాను. నడిచిన చోటు గడిలో తేదీ ఆ స్క్రిప్టే మారుస్తుంది, పడిపోతే ఫైల్ పైన "పాతబడింది" అని రాస్తుంది, తీసేయదు. వర్చువల్ మెషీన్ కావాల్సినవి ఇంకా చేత్తోనే నడుపుతున్నాను.

పవర్‌షెల్ ముక్కలు మొదలుపెట్టలేదు. విండోస్ పవర్‌షెల్ 5.1లో కర్ల్ అంటే ఇన్‌వోక్ వెబ్ రిక్వెస్ట్‌కి మారుపేరు, మన ఆప్షన్లు దానికి అర్థం కావు. కర్ల్ డాట్ ఈఎక్స్ఈ అని పూర్తిగా రాయాలి. కర్ల్ ఉన్న 14 ఫైళ్లలో ముందు ఆ ఒక్క లైన్ చేర్చి, మిగతాది తర్వాత చూడాలి.